బావమరిది పట్టుకున్న చెయ్యి

బట్టలు కత్తిరించే యంత్రంలో పడి దర్జీ కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది. చనిపోయిన ఎవరో పుణ్యాత్ముడి చెయ్యి తెచ్చి అతికించారు. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. ఆ చెయ్యి మాత్రం మొద్దుబారి, ఉలుకూ పలుకూ లేకుండా అతని ఒళ్లో పడి ఉండేది.

"మందులు ఒక్క పూట కూడా మానకూడదు. చెప్పిన కసరత్తులు చెయ్యాలి. ఇంట్లో ఎవరైనా రోజూ ఆ చెయ్యి పట్టుకుని నిమురుతుండాలి. స్పర్శ మెల్లగా వస్తుంది" అంది థెరపీ మేడమ్, దర్జీ భార్య వంక చూస్తూ.

"నేనెలా పట్టుకుంటానండీ? ఎవరో పరాయి మగాడి చెయ్యి!"

"అతికించాక నాదే కదే!" అన్నాడు దర్జీ.

"మీ చేతి మీద అన్ని వెంట్రుకలు ఎక్కడివి? ఇన్నేళ్లుగా నేను చూళ్లేదా ఏంటి?"

ఆమె భర్తకు అన్నం తినిపించేది, చొక్కా తొడిగేది. పొరపాటున ఆ చెయ్యి తగిలితే మాత్రం, "ఏమనుకోకండి" అని చేతికే చెప్పేది. దర్జీకి ఒళ్లు మండేది. కాపురానికొచ్చింది మొదలు ఆవిడ తనకెప్పుడూ ఆ మాట చెప్పిన పాపాన పోలేదు.

చివరికి, ఉద్యోగం ఊడి ఇంట్లో ఉంటున్న తమ్ముణ్ణి పిలిచింది. "ఒరేయ్, నువ్వు మగాడివి, నీకేం? బావ చెయ్యి పట్టుకో."

అలా పొద్దునా సాయంత్రం బావా బావమరుదులు సోఫాలో చేతులు పట్టుకుని కూర్చోవడం మొదలైంది. సిగ్గుతో బావమరిది కిటికీలోంచి బయటికి చూసేవాడు. బయటినుంచి ఎదురింటావిడ లోపలికి చూసేది. ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలకంటే వీళ్లిద్దరికే అన్యోన్యమని వీధంతా చెప్పుకున్నారు. బావమరిది పట్టించుకోలేదు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వేళకు హాజరయ్యేవాడు. ఒకసారి జలుబు చేస్తే సెలవు కూడా అడిగాడు.

నెలలు గడిచాయి. వేళ్లు ముడుచుకుంటున్నాయి గానీ స్పర్శ జాడ లేదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఇల్లంతా ఉడికిపోతుంటే, దర్జీ ఉన్నట్టుండి ఉలిక్కిపడ్డాడు.

"ఛీ! నీ అరచేతికి ఇంత చెమటేంట్రా!"

అనేసి నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"బావా! ఛీ అన్నావు!" అని బావమరిది ఆ చెయ్యి కళ్లకద్దుకుని భోరుమన్నాడు.

వంటింట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది. సంగతి విని ముందు ఏడ్చింది. తర్వాత మూతి ముడిచింది.

"అయితే మొట్టమొదట తెలిసింది వీడి చెమటన్నమాట!"

"నువ్వే కదే పట్టుకోనన్నావు!"

"లేవరా నువ్వు" అని తమ్ముణ్ణి నెట్టేసి కూర్చుంది. కళ్లు గట్టిగా మూసుకుని, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "తెలుస్తోందా?"

"ఆఁ... చల్లగా ఉంది. కాస్త గరుగ్గా..."

"గరుకా? ఇన్నాళ్లూ గిన్నెలన్నీ ఎవరు తోమారనుకున్నారు?" అని గట్టిగా గిల్లింది. దర్జీ కెవ్వుమన్నాడు. ఆ కేకకి ముగ్గురూ మళ్లీ ఏడ్చారు.

ఆ సాయంత్రం బావమరిది గుమ్మంలో కూలబడ్డాడు. పని పోవడం అతనికి కొత్త కాదు. ఈసారి మాత్రం ఎందుకో బాగా తగిలింది. దర్జీ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎదురింటావిడ చూస్తుండగానే కుడి చెయ్యి చాపాడు.

"పట్టుకోరా. మీ అక్క ఇప్పట్లో వంటింట్లోంచి రాదులే."