మండని బిళ్ల

సలోమి మెదక్‌లో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. కాలేజీ వెనక గదిలో ప్రాజెక్టు కింద వచ్చిన ఫర్నేస్ ఒకటి ఉంది. నాలుగేళ్లుగా అందులో ఆమె చొక్కా గుండీ అంత తెల్లటి బిళ్లలు కాలుస్తోంది.

ఇప్పటి బ్యాటరీల లోపల ఒక ద్రవం ఉంటుంది. లిథియం ఈ కొస నుంచి ఆ కొసకు అందులోంచే పోతుంది. బ్యాటరీ వేడెక్కితే భగ్గుమనేదీ అదే. దాని బదులు పింగాణీలాంటి గట్టి బిళ్ల పెట్టగలిగితే ఆ భయం చాలావరకు పోతుంది. సలోమి తయారుచేయాలనుకున్నది ఆ బిళ్లనే.

పని మొదలుపెట్టిన ఏడాదికి అన్న ఇల్లు కాలింది. జకరయ్య ఎలక్ట్రిక్ స్కూటర్ల మెకానిక్. పాత సెల్లులతో తనే కట్టిన బ్యాటరీని ముందుగదిలో చార్జింగ్ పెట్టి చర్చికి వెళ్లాడు. జ్వరంగా ఉందని వదిన ఫేబ ఇంట్లోనే పడుకుంది. మంట తలుపు దగ్గరే లేవడంతో బయటికి రాలేకపోయింది. దవాఖానలో తొమ్మిది రోజులు బతికింది.

ఆ తర్వాత జకరయ్య షాపు మూయలేదు గాని, బ్యాటరీ ముట్టడం మానేశాడు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట చెల్లెల్ని అడిగేవాడు.

"ఎంతవరకొచ్చింది?"

చెప్పుకోదగ్గంత ఎప్పుడూ రాలేదు. పొడిని అచ్చులో నొక్కి పదకొండు వందల డిగ్రీల దగ్గర కాలిస్తే సగం బిళ్లలు పగిలిపోయేవి. పగలనివి హైదరాబాద్ ల్యాబుకు పరీక్షకు పంపేది. అక్కడ లిథియం సన్నటి పోగుల్లా పెరిగి, బిళ్లలో కంటికి కనిపించని సందుల్లోంచి దూరి అవతలి కొసను తాకేది. అంతటితో సెల్ పని అయిపోయేది. వారం, మహా అయితే పది రోజులు.

ఈ జనవరిలో ఒక బిళ్ల బాగా కుదిరింది. వెలుగుకు పట్టి చూస్తే అవతల వేలు మసగ్గా కనిపించింది. పరీక్షలో ఇరవై రోజులు దాటింది, ముప్పై దాటింది. ఉండబట్టలేక సలోమి అన్నకు చెప్పేసింది. ఆ రోజు జకరయ్య మధ్యాహ్నమే షాపు మూసి ఫేబ సమాధి దగ్గరికి వెళ్లి వచ్చాడు.

నలభై మూడో రోజు పొద్దున ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. సలోమి నేరుగా షాపుకు వెళ్లింది.

"షార్ట్ అయిందన్నా."

"అంటుకున్నదా?"

"లే. ఉత్తగ ఆగిపోయింది."

"అంటుకోలేదు గద! గదే మస్తు."

"నలభై రోజులల్ల ఆగిపోయేది ఎవలు కొంటరు? బండికి ఏండ్లు నడవాలె."

"మల్ల చెయ్యి మరి. ఇంకోటి కాల్చు."

"ఈ నెలతోని ప్రాజెక్టు అయిపోతది. ఇంకో రెండేండ్లు కావాలని రాసిన. కుదరదన్నరు. ఫర్నేస్ వేరే కాలేజీకి పోతది."

జకరయ్య చేతిలోని పానా కింద పెట్టాడు.

"ఇంకెవలన్న చేస్తరా?"

"జపాన్ల, కొరియాల మస్తు మంది చేస్తున్నరు. ముందుగాల పెద్ద కార్లకు వస్తయేమో. గీ పాత స్కూటర్లదాక ఎప్పుడొస్తదో నాకు తెల్వదు."

"నీకే తెల్వదా?"

"తెల్వదన్నా."

ఇన్నేళ్లలో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి.

అప్పుడే కౌడిపల్లి నుంచి పాలు తెచ్చే పరమేశ్ స్కూటర్ ఆపి సీటెత్తాడు. బ్యాటరీ ఒక పక్క ఉబ్బిపోయి ఉంది.

"జర చూడన్నా. ఖరాబైన సెల్లులు మార్చియ్యి."

"గిది మంచిగ కాదు తమ్మీ. ఇంట్లకు తీస్కపోకు."

"కొత్తది కొనేటట్టుంటే నీ దగ్గరికెందుకొస్త? సాయంత్రం మల్ల పాలు ఎయ్యాలె."

"నేను చెయ్య."

పరమేశ్ విసుక్కుని బండిని రోడ్డు అవతలి షాపుకు తోసుకుపోయాడు. సలోమి వెంట వెళ్లింది.

"ఇంట్ల మాత్రం చార్జింగ్ పెట్టకు. బయట పెట్టు, నీకు దండం పెడ్త."

"బయట పెడితే ఎవలన్న ఎత్కపోరా మేడమ్? మాకున్నది ఒక్కటే అర్ర. అండ్లనే చార్జింగ్ పెడ్తం, అండ్లనే పండుకుంటం."

ఇంట్లో ఎందరని ఆమె అడగలేదు.

అవతలి షాపులో గంటలో పని అయిపోయింది. ఉబ్బిన సెల్లులు నాలుగు తీసేసి, ఎక్కడివో నాలుగు అతికించారు. పరమేశ్ ఖాళీ క్యాన్లు సర్దుకుని కౌడిపల్లి దారి పట్టాడు. అన్నాచెల్లెళ్లిద్దరూ షాపు ముందు నిలబడి, బండి కనుమరుగయ్యేదాకా చూశారు.