తొమ్మిదో మనిషి

"ముందు వంటగది ఫొటో చూపించు" అన్నారు మా అత్తగారు.

నా ఫోన్‌లో వరసగా ఉన్నవన్నీ సరస్సు ఫొటోలు. అవతలి ఒడ్డు కనిపించనన్ని నీళ్లు, ఓ మూల సముద్రం లోపలికి వచ్చే సన్నటి పాయ, ఇంటి వెనక నీళ్లలోకి కట్టిన చెక్క వంతెన, దాని చివర ఒకే ఒక్క కుర్చీ. ఆ కుర్చీని చూసే సెలవులకి అద్దెకి ఆ ఇల్లు ఎంచుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే అందులో ఎవరు కూర్చోవాలో ఇంట్లో పెద్ద సభ పెట్టి తేలుస్తారు, నా ఊసు మాత్రం రాదు. అత్తగారు నీళ్లన్నిటినీ వేలితో పక్కకి నెట్టేసి, గ్యాస్ పొయ్యి దగ్గర ఆగి, కళ్లద్దాలు సర్దుకున్నారు. "నాలుగు బర్నర్లు! అదృష్టవంతురాలివి అమ్మాయ్. ఇక్కడికంటే వంట త్వరగా తెముల్తుంది" అన్నారు. సెలవు పెట్టి, అంత దూరం ప్రయాణం చేసి నేను చేరుకోబోయే స్వర్గం అదన్నమాట.

రెండు నెలలుగా ఈ ప్రయాణం పనంతా నాదే. పని అంటే మా ఆయన ఒప్పుకోరు. "ఫోన్ చూసుకోవడం కూడా పనేనా?" అంటారు. అత్తగారు మెట్లు ఎక్కలేరు. ఆడపడుచుకి ఏసీ లేకపోతే నిద్ర పట్టదు, ఆమె భర్తకి ఏసీ వేస్తే జలుబు చేస్తుంది. వాళ్ల కవలలకి నీళ్లు దగ్గరగా ఉండాలి, కానీ నీళ్ల దగ్గరికి పోకుండా అడ్డు ఉండాలి. మా ఆయనకి మాత్రం ఏ కోరికా లేదు. "నాదేముంది, మీ అందరి సంతోషమే నాకు కావాలి" అంటూ, ఖాళీ అయిన కాఫీ కప్పు నా వైపు జరుపుతారు. నేను పగలంతా రక్తపరీక్షల ల్యాబ్‌లో నిలబడి పనిచేస్తాను. నా సంతకం లేనిదే అక్కడ ఒక్క రిపోర్టూ బయటికి పోదు. మధ్యాహ్నం తిండి మానుకుని ఇళ్లవాళ్లతో మాట్లాడాను. గాలి ఏ వేళప్పుడు లేస్తుందో, పడవలు ఎప్పుడు తిప్పరో, దోమలు ఎప్పుడు ముసురుతాయో అన్నీ కనుక్కున్నాను. ఈ సెలవు కోసం ఒళ్లు కాలిపోతున్న రోజున కూడా డ్యూటీకి వెళ్లాను. ఒక్క సాయంత్రం ఎవరికీ ఏదీ అందించకుండా ఆ కుర్చీలో కూర్చోవాలి. అంతకంటే పెద్ద కోరిక నాకు ఈ ఇంట్లో పుట్టలేదు, పుట్టినా బతకలేదు.

ఆ ఇంట్లో ఎనిమిది మందికే అనుమతి. పిల్లలతో కలిపి మేము సరిగ్గా ఎనిమిది మందిమి. ఆదివారం పొద్దున్న అందరూ హాల్లో చేరారు. నేను కింద కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తున్నాను. మా ఆయన పేపరు మడిచి, "మా మేనేజరు కూడా వస్తారు" అన్నారు. మాటవరసకి రమ్మన్నారట. ఆ మహానుభావుడు ఒప్పేసుకున్నాడట. సరస్సు కనిపించే గది ఆయనకి ఇస్తే మర్యాదగా ఉంటుందట.

"తొమ్మిది మందంటే ఇంటావిడ ఒప్పుకోదండీ. ముందే ఖచ్చితంగా చెప్పింది" అన్నాను.

"నీకు మాట్లాడటం చేతకాదు. నేను ఎలా మాట్లాడతానో చూడు."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి మరీ మాట్లాడారు. తన తెలివితేటలు పదిమందీ వింటే తప్ప ఆయనకి తృప్తి ఉండదు.

"ఎనిమిదంటే ఎనిమిదేనండీ" అంది ఇంటావిడ.

"పనివాళ్లని తెచ్చుకుంటే?"

"పనివాళ్లని లెక్కలో వెయ్యనండీ. వంటగది వెనక చిన్న గది ఉంది, అందులో పడుకుంటారు."

"అయితే మాతో ఒక వంటమనిషి వస్తుందండీ" అని నా వైపు చూసి కన్ను కొట్టారు. పెళ్లయ్యాక ఆయన నాకు కన్ను కొట్టడం అదే మొదటిసారి.

ఫోన్ పెట్టేశాక ఒకటే నవ్వులు. "మా అన్నయ్య బుర్రే బుర్ర! ఏమీ అనుకోకు వదినా, ఊరికే చెప్పడానికేగా" అంది ఆడపడుచు. "వంట ఎలాగూ తనే చేస్తుంది, ఇందులో అబద్ధం ఏముంది?" అన్నారు అత్తగారు. ఈ ఇంట్లో నిజం మాట్లాడేది ఆవిడ ఒక్కరే. వీళ్లందరి నవ్వూ ఒక ఎత్తు, మా అమ్మాయి నవ్వు ఒక ఎత్తు. "అమ్మ మేనేజరంకుల్ ముందు కూడా వంటమనిషిలాగే ఉండాలా నాన్నా?" అని అడిగింది. దానికి ఆయన కాసేపు ఆలోచించారు.

"అక్కర్లేదు. ఇంటావిడ వచ్చినప్పుడు మాత్రం కొంచెం పక్కకి ఉంటే చాలు."

నాకు కోపం రాలేదు. కోపం రావాలంటే ఎదుటి మనిషి మీద ఎంతో కొంత గౌరవం మిగిలి ఉండాలి. నాకు వాళ్లందరినీ చూస్తే ఏవగింపు కలిగింది. మేనేజరుని వద్దనాలని ఒక్కరికీ తోచలేదు. పోనీ, తనే వంటమనిషినని మా ఆయన చెప్పి ఉండొచ్చు. కానీ ఆయనకి టీ పెట్టడం కూడా రాదు, ఆ అబద్ధం ఇంటావిడ గుమ్మంలోనే పట్టేసేది.

అంతలో నా ఫోన్ మోగింది. బుకింగ్ నా నంబరు మీద ఉంది కాబట్టి ఇంటావిడ నాకే చేసింది.

"అమ్మా, వంటమనిషి వస్తుందన్నారుగా. ఆ గదిలో మంచం వేయించనా? ఆమెకి ఇంకేమైనా కావాలేమో కూడా ఒకసారి కనుక్కుని చెప్పండి."

నాకేం కావాలని ఒక మనిషి అడిగింది. ఈ ఇంట్లో అడుగు పెట్టాక ఆ మాట వినడానికి నేను ఒక అబద్ధపు వంటమనిషిని కావలసి వచ్చింది. ఫోన్ ఎవరిదో గ్రహించి, ఏమడిగినా సరే అనమని మా ఆయన చేత్తో సైగ చేస్తున్నారు. నేను కూడా ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

"మంచం వద్దండీ. వంటమనిషి మానేసింది."

"అయ్యో! ఎప్పుడు?"

"ఇప్పుడే." బీన్స్ పళ్లెం తీసి అత్తగారి ఒళ్లో పెట్టాను. "వచ్చేది ఎనిమిది మందే. మొదటి పేరు నాది రాసుకోండి. మిగతా ఏడుగురు ఎవరో వీళ్లు తేల్చుకుని చెబుతారు. ఆ వంతెన మీద కుర్చీ మాత్రం తీయకండి."

"అలాగేనమ్మా. అయినా తీరా ప్రయాణం ముందర ఇలా మానేస్తే ఎలా? మీకు ఎంత ఇబ్బంది!"

"నాకేం ఇబ్బంది లేదండీ" అన్నాను.