దీవెన అడిగిన మాట

నేను ఒక ఇనప గరిటెను. మీ ఇంటి పోపు గరిటెలాంటి దాన్ని కాదు సుమా! నా కాడే మూరెడు పైన ఉంటుంది. రాజమండ్రిలో ఒక కమ్మరి నన్ను కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, "మనవల కాలం దాకా ఉంటుంది" అని చెప్పి ఒక పెళ్లిళ్ల వంటవాడికి అంటగట్టాడు.

పెళ్లి పంక్తుల్లో మనుషుల్ని బాగానే చూశాను. "చాలు, చాలు" అంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు. వేళ్ల మధ్య సందు మాత్రం ఉంచుతారు! ఆ సందులోంచే పులుసు పోయించుకుని, లేచాక వంటవాణ్ణి తిడతారు. అయినా నాకు వాళ్లంటే ఇష్టమే. తిట్టినా, తిన్నారు కదా.

వంటవాడు ముసలివాడై పని మానుకున్నాక నన్ను గోదావరి లంకలో ఉన్న ఆడపిల్లల హాస్టల్‌కి ఇచ్చేశాడు. అక్కడ వంట మంగాయమ్మది. ఆవిడ నోటికి అందరూ జడుస్తారు గానీ, ఏ పిల్ల కంచం ఖాళీగా కనిపించినా ఆవిడ ప్రాణం ఊరుకోదు.

ఒక వానాకాలం వార్డెనమ్మా, మంగాయమ్మా సరుకులకని పడవలో ఒడ్డుకి వెళ్లారు. ఇంతలో గోదారి పొంగింది, పడవలు ఆగిపోయాయి. పిల్లలు ఒంటరిగా చిక్కుకుపోయారు. వంటగదిలోకి నీళ్లొస్తుంటే అటుకుల డబ్బానీ నన్నూ పట్టుకుని డాబా మీద గదిలోకి చేరారు. అందరిలోకీ పెద్దది పదో తరగతి సత్యవేణి. నాతోనే కొలిచి తలా ఇన్ని అటుకులు పంచింది. తన వంతు తక్కువ వేసుకునేది, నేను చూశాను. ఏడ్చిన పిల్లలకి జడలు వేసి ఊరుకోబెట్టింది. బంగారుతల్లి! కానీ నీళ్లు మెట్లెక్కుతున్నకొద్దీ దాని గొంతు మారిపోయింది.

డబ్బా అడుగు కనిపించిన పూట, నాలుగో తరగతి దీవెన ఆకలికి ఆగలేక అందులో చెయ్యి పెట్టింది. "దొంగ! దొంగ!" అని అరిచారు. ఇద్దరు దాన్ని కదలకుండా పట్టుకున్నారు. సత్యవేణి నన్నెత్తింది. అన్నం పెట్టడానికి పుట్టినదాన్ని, ఆగమని చెప్పడానికి నాకు నోరేదీ? దీవెన ముంజేతి ఎముక విరిగింది. ఒక్క దెబ్బతో ఆపలేదు కూడా.

మర్నాడు పడవ వచ్చింది. "పాపం, పసిపిల్లలు! ఆకలీ భయమూ కలిసి ఆ పని చేయించాయి. ఇంక ఆ మాట ఎవరూ ఎత్తకండి" అన్నారు వార్డెనమ్మ. ఊళ్లో పెద్దలంతా తలూపారు. మనుషుల మంచితనం చూస్తే ముచ్చటేస్తుంది. దెబ్బలు తిన్న పిల్లని ఒక్కమాట అడగకుండానే, కొట్టినవాళ్లని అందరూ క్షమించేశారు!

ఇప్పుడు నా అంచు అరిగిపోయి, పాతసామాన్లవాడి కోసం మూలన పడి ఉన్నాను. ఎన్ని వేల కంచాలు చూశానో గానీ, తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది హాస్టల్ మళ్లీ తెరిచినప్పటి ఆ మధ్యాహ్నమే.

దీవెన కుడిచేతికి సిమెంటు కట్టుతో వచ్చింది. చదువుకోడానికి కాదు, పెట్టె తీసుకెళ్లిపోవడానికి. "నా పిల్లని ఇక్కడుంచనండి" అని వాళ్లమ్మ పెట్టె పక్కన పెట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. "ఉత్తకడుపుతో ఎల్తారా ఏంటమ్మా" అంటూ మంగాయమ్మ దీవెనని పంక్తిలో కూర్చోబెట్టింది. ఎదురుగా సత్యవేణి కంచం ముట్టకుండా కూర్చుంది. వరద తర్వాత దానికి ముద్ద గొంతు దిగడం లేదు.

"తినవే తల్లీ. భయమేసి కొట్టావు, పోనీలే" అంది మంగాయమ్మ.

దీవెన తలెత్తింది. "సత్యక్కా, నీకు భయమేసిందా?"

"ఏసిందే. చచ్చిపోతామనుకున్నాను."

"నాకూ ఏసింది. ఆకలీ ఏసింది. నేనెవర్నీ కొట్టలేదుగా?"

వార్డెనమ్మ ఏదో అనబోతే, "మీరాగండమ్మా" అంది మంగాయమ్మ.

సత్యవేణి భోరుమంది. "భయం కాదే, నేనే కొట్టాను. నువ్వు ఏడుస్తున్నా కొట్టాను. తప్పు నాదే." ఆ రోజు పట్టుకున్న ఇద్దరూ తలలు దించుకున్నారు.

దీవెన ఎడంచేత్తో తన కంచాన్ని సత్యవేణి ముందుకి తోసింది. "అయితే కలిపి పెట్టు. ఈ చెయ్యి బాగయ్యేదాకా నువ్వే తినిపించాలి. అమ్మా, పెట్టె లోపలెట్టు."

తల్లి పెట్టె కదపలేదు, చూస్తూ నిలబడింది. సత్యవేణి కన్నీళ్లు తుడుచుకుని, పప్పన్నం కలిపి, చిన్న ముద్ద చేసి చెయ్యి చాపింది. ఆ చెయ్యి దగ్గరికొస్తుంటే దీవెన కళ్లు గట్టిగా మూసుకుంది. సత్యవేణి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

కళ్లు తెరవకుండానే దీవెన నోరు తెరిచింది.