పిచ్చుక డిస్కులు

కాటా మీద మూడో డిస్కు పెట్టాను. ఎనభై తొమ్మిది గ్రాములు. తీసి మళ్ళీ పెట్టాను. ఎనభై తొమ్మిదే. పొద్దుటి నుంచి ఇది పదకొండోసారి. కాటా మాట మార్చలేదు, నా మనసు కుదుటపడలేదు.

"వాటిని అలా చూస్తూ కూర్చుంటే గుడ్లేమైనా పెడతాయా?" అంది మా ఆవిడ డ్యూటీకి బయలుదేరుతూ. ఆమె ఎముకల వార్డులో నర్సు. రోజూ సాయంత్రం ఎవరి కాలర్ బోను ఎన్ని ముక్కలైందో చెబుతూనే బూట్లు విప్పుతుంది. అవన్నీ వినే నాకు, ఇంట్లో సైకిల్ పందేలకు వెళ్లే కూతురు కూడా ఉంది.

డిస్కు అంటే చక్రం మధ్యలో తిరిగే పలచటి ఉక్కు బిళ్ళ. బ్రేకు నొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని చెరో పక్కా పట్టుకుని బండిని ఆపుతాయి. బల్ల మీద మూడు రకాలున్నాయి. పాతకాలపు మొద్దుది నూట ముప్పై ఎనిమిది గ్రాములు. నడిమిది నూట పన్నెండు. మూడోదానికి ఉక్కు కంటే కన్నాలే ఎక్కువ. కంపెనీవాడు కన్నాలకే ధర వేశాడేమోనని నా అనుమానం. అమ్మాయికి కావలసింది అదే.

ఆమెను చిన్నప్పటి నుంచి పిచ్చుక అంటాం. పదిహేడేళ్లు, నలభై ఎనిమిది కిలోలు. మర్నాడు పందెం. పదకొండు కిలోమీటర్లు కొండ ఎక్కి, అవతలి వైపు ఆరు కిలోమీటర్లు దిగాలి. కిందటేడు నాలుగు సెకన్లతో జూనియర్ జట్టులో చోటు పోయింది. వచ్చే ఏడు వయసు దాటిపోతుంది. మొద్దు డిస్కులు తీసి ఈ తేలికవి వేస్తే రెండు చక్రాలకీ కలిపి తొంభై ఎనిమిది గ్రాములు తగ్గుతాయి. అంత పొడవు ఎక్కుడు మీద ఆ బరువు ఎంత సమయమో లెక్క వేశాను. నాలుగు సెకన్లు. లెక్క తప్పాలని ఇంకోసారి వేశాను. తప్పలేదు.

"నాన్నా, ఏం తేల్చావు?" అంటూ వచ్చింది పిచ్చుక.

"నడిమిది బాగుంటుందేమోనే."

"నడిమిదానితో రెండు సెకన్లు తగ్గుతాయి. మిగతా రెండూ నువ్వు తెచ్చిస్తావా?"

"దిగేటప్పుడు..."

"దిగేది నేను కదా!"

 విసుక్కున్నాను. విసుక్కుంటూనే తేలిక డిస్కులు బిగించాను.

మా సైకిల్ కొట్లో ఒక ఆనవాయితీ ఉంది. బ్రేకు బిగించినవాడే ఆ బండి మీద తొలి దిగుడు దిగాలి. నాకు పని నేర్పిన పెద్దాయన పెట్టిన నియమం అది. "నీ పని మీద ముందు నీ ప్రాణం పెట్టరా, ఆ తర్వాత పక్కవాడిది" అనేవాడు. ఇరవై ఆరేళ్లలో నేను ఒక్కసారీ తప్పలేదు. పెట్టెలో వచ్చిన కాగితంలో ఎనభై కిలోలు దాటినవాళ్ళు ఈ డిస్కులు వాడకూడదని రాసి ఉంది. నేను తొంభై నాలుగు. ఆ కాగితం చదివాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని బండి తోసుకుంటూ బయటికి నడిచాను.

నీళ్ళ ట్యాంకు వెనక రోడ్డు రెండు కిలోమీటర్లు ఏకధాటిగా దిగుతుంది. మధ్యలో మూడు మలుపులు. కొలిమి పక్కన పెట్టినట్టు ఒళ్ళంతా చెమట. మొదటి గజం నుంచే రెండు బ్రేకులూ నొక్కి పట్టాను. రెండో మలుపు దగ్గర కాలిన వాసన వచ్చింది. మూడో మలుపులో చేతి కింద బ్రేకు లివరు గట్టిగానే ఉంది కానీ బండి మాత్రం నా మాట వినడం మానేసింది. రోడ్డు పక్కన ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోసిన ఇసక గుట్టే నన్ను ఆపింది.

మోచేయి గీరుకుపోయింది. డిస్కులు నీలంగా మారాయి. ఇసకలో కూర్చుని నేను సంతోషించాను. సిగ్గుపడవలసిన మాటే కానీ నిజం. పీడ వదిలిందనుకున్నాను.

కొట్టుకి తిరిగొచ్చి బండిని పిచ్చుక ముందు పెట్టాను. "చూశావా? నేను ముందే అనుకున్నా. రేపు కొండ మీద ఇదే జరిగితే?"

ఆమె డిస్కు వైపు చూసింది, నా మోచేయి వైపు చూసింది. దూది, మందు తెచ్చి తుడుస్తూ అడిగింది. "బ్రేకు ఎక్కడ పట్టావు?"

"పైన."

"ఎక్కడ వదిలావు?"

మోచేయి వెనక్కి లాక్కున్నాను.

"వదల్లేదు కదూ! పట్టు, వదులు, చల్లారనియ్యి, మళ్ళీ పట్టు. తొమ్మిదేళ్లప్పుడు నువ్వే నేర్పావు." నా జేబులోంచి తొంగిచూస్తున్న కాగితం వైపు చూసింది. "నీ జేబులో ఆ కాగితం ఏంటి నాన్నా?"

తీసిచ్చాను. చదివింది. పిచ్చుకకు కోపం వస్తే అరవదు, మెల్లగా మాట్లాడుతుంది. అదే నాకు భయం.

"డిస్కులు పాడవ్వాలనే వెళ్ళావు."

"లేదమ్మా. ఆనవాయితీ..."

"పాడవ్వాలనే."

 "భయమేస్తోందే" అన్నాను. ఇరవై ఆరేళ్లు ఊరందరి బ్రేకులూ బాగుచేసినవాణ్ణి. ఆ ఒక్క మాట చెప్పడానికి ఇంత రాద్ధాంతం చేశాను.

"నాకు మాత్రం వెయ్యదా?" అంది. "అయినా దిగాలి కదా."

బీరువాలో ఇంకెవరి కోసమో తెప్పించిన అవే డిస్కుల జత ఉందని ఆమెకు తెలుసు. తీసింది. ప్యాడ్లు కూడా కొత్తవి తీసుకుంది. నేను పానా అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "బిగించినవాళ్ళే తొలి దిగుడు దిగాలి. కాబట్టి నేనే బిగిస్తా."

నేను కాలుగాలిన పిల్లిలా కొట్టంతా తిరిగాను. వంకరగా బిగిస్తే బాగుండునని ఒకసారి, వంకర పోకూడదని ఒకసారి మొక్కుకున్నాను. ఒక్క స్క్రూ దగ్గరైనా తప్పు దొరుకుతుందని వంగి చూశాను. దొరకలేదు. తప్పు పట్టడానికి వీల్లేకుండా పని నేర్పింది నేనే మరి.

ట్యాంకు దగ్గర, దిగుడు మొదట్లో ఇద్దరం నిలబడ్డాం. హెల్మెట్ పట్టీ నేను సర్దబోతే తనే సర్దుకుంది. "ఇక్కడే ఉండు" అని వెళ్ళిపోయింది.

మొదటి మలుపు దాకా కనిపించింది. తర్వాత చప్పుడే. బ్రేకు పట్టినప్పుడు సన్నటి కూత. ఆగింది. మళ్ళీ కూత, మళ్ళీ ఏమీ లేదు. కూత వినబడినంతసేపూ ఫర్వాలేదు, ఆమె బ్రేకు పట్టుకుని ఉంది. అది ఆగినప్పుడల్లా ఒక అడుగు ముందుకు వేశాను. మూడో మలుపు దగ్గర చిన్న కూత వచ్చి ఆగిపోయింది. ఇక రాలేదు.

ఒకటి నుంచి ఇరవై లెక్కపెట్టాను. ఇరవై ఒకటి దగ్గర పరుగెత్తాను. తొంభై నాలుగు కిలోలు, ఒక చెప్పు ఊడిపోయింది, వెనక్కి చూడలేదు. రెండో మలుపు తిరిగేసరికి ఎదురుగా వస్తోంది. కింద దాకా దిగి, వెనక్కి తిరిగి, సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతోంది. చేతి గడియారం చూసుకుంటోంది. మొహంలో నేనెక్కడా లేను.

పేరు పెట్టి పిలిచాను. వినబడలేదేమో. రోడ్డుకి అడ్డంగా, చేతులు చాచి నిలబడిపోయాను.

"జరుగు నాన్నా!" అని అరిచింది.

జరిగాను.