పురుగు పండే రోజు

"మా ఇంట్లో పదో తేదీ బయట చేరుతుందప్పా. అంతలోపల పురుగు చంద్రికల మీదికి పోవల్ల. ఆ లెక్కన ఇయ్యి చాకీ," అన్నాడు నా భర్త వీరేష్ ఫోన్లో. నేను పక్కనే కూర్చుని మల్బరీ ఆకు తరుగుతున్నాను. అవతల మాట్లాడుతున్నది హిందూపురంలో చాకీ, అంటే పిల్ల పట్టుపురుగులు అమ్మే జయప్రకాష్. అతనేదో అన్నట్టున్నాడు. "ఆయమ్మది గడియారమప్పా, తప్పదు," అన్నాడు వీరేష్.

నేను ఒక్కసారి కూడా చూడని మనిషికి నా నెలసరి తేదీ తెలుసు. పెళ్లయిన కొత్తలో ఈ మాట వింటే చెవులు కాలిపోయేవి. తర్వాత సిగ్గు కూడా అలిసిపోయింది. ముట్టయిన ఆడది పురుగింటి గడప తొక్కితే పట్టుపురుగులకు రోగమొస్తుందని మా ఊళ్లో నమ్మకం. అందుకే మా పంట వానను బట్టి కాదు, నన్ను బట్టి మొదలవుతుంది. పురుగులు ఆఖరిసారి పొర విడిచి, మేము జ్వరమనే ఆ దశ దాటి వేళాపాళా లేకుండా ఆకు మేసే రోజుల్లో నేను లేకపోతే పని నడవదు. నడవదని మాత్రం ఎవరూ అనరు. తేదీ చూసుకుంటారు, అంతే.

బయట చేరిన మూడు రోజులూ గొడ్ల కొట్టానికీ పురుగింటికీ మధ్యనున్న చిన్న గదిలో ఉంటాను. ఒక చాప, ఒక చెంబు. మైల అని నన్ను కూర్చోబెట్టిన ఆ గదిలోనే నేను చదువుకున్నాను. ఫోన్ పట్టుకుని సినిమాలు చూస్తున్నానని ఇంట్లోవాళ్లు అనుకునేవాళ్లు. గుడిబండలో గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, హిందూపురం బస్సులో నిలబడి వచ్చిపోతూ డిగ్రీ పూర్తి చేసినదాన్ని. వేలమంది పోటీ పడే ఢిల్లీలోని ఒక యూనివర్సిటీలో సైకాలజీ ఎం.ఏ.కు దరఖాస్తు పెట్టాను. ధర్మవరంలో చిన్నమ్మకు బాగాలేదని చెప్పి పోయి పరీక్ష రాశాను. చిన్నమ్మ నిక్షేపంలా ఉంది. పరీక్ష జరిగినంతసేపూ గేటు బయట నా సంచి పట్టుకుని కూర్చుంది ఆమే.

ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది, ఫోన్లోనే, వీడియోలో. తీరా ఆ తేదీ పురుగు పండే రోజు మీద పడింది. పండిన పురుగు తేనె రంగుకు తిరిగి, మేత మాని తలెత్తుతుంది. అప్పటికప్పుడు ఏరి చంద్రికల మీద, ఆ వెదురు తడికల మీద వేయకపోతే ఎక్కడున్నది అక్కడే గూడు కట్టి పంట పాడవుతుంది. ఆ రోజు ఇంట్లో ఎవరన్నా చచ్చినా ఏడవడానికి టైముండదని మా అత్త ఆదెమ్మ అంటుంది. నిజం చెబితే వీరేష్ కొట్టడు. "ఒగ ఫోను కోసరం పంట ఇడిచిపెడ్తావా?" అంటాడు. అడగాల్సింది అది కాదని తెలిసి కూడా నేను తలూపుతాను. నా భయం అతని గురించి కాదు, ఆ తలూపు గురించి.

ఆ పొద్దున గడప బయట నిలబడి, "అత్తా, నేను బయట చేరినా," అన్నాను.

పళ్లు తోముకుంటున్న వీరేష్ ఆగిపోయాడు. "పదో తేదీ గదా! ఈపొద్దు నాలుగే!" మాట ఇచ్చి తప్పినదాన్ని చూసినట్టు చూశాడు.

"ముందరే వచ్చె. నేనేం చేతు?"

"ఏందిమ్మా ఇది?" అని వాళ్లమ్మను అడిగాడు. అత్త నన్ను కాసేపు చూసింది. "వస్తే వచ్చెలే. కూలోల్లు దొరుకుతారేమో చూసుకొని రా పో," అంది. అతను బండి తీశాడు.

నా గదిలోకి పోయి, తలుపు దగ్గరికి వేసి ఫోన్‌ను చెంబుకు ఆనించాను. గోడకవతల పురుగింట్లో అత్త ఒక్కతే ఉంది. వంగి లేచినప్పుడల్లా ఆమె మూలుగు వినిపిస్తోంది. లే, లేచి పో, అని లోపల ఒక గొంతు తరుముతోంది. అది అత్త గొంతని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ పూట జాగ్రత్తగా విన్నాను. అది నా గొంతే.

తెర మీద ముగ్గురున్నారు. వాళ్లలో ఒకామె, "నీలావతీ, డిగ్రీ అయ్యాక ఈ మూడేళ్లు ఏం చేశారు?" అని ఇంగ్లీషులో అడిగింది. చుట్టాలు ఈ మాటే అడిగితే వీరేష్ చెప్పే జవాబు ఒకటుంది: "ఏం చేస్తాది, ఇంట్లోనే ఉంటాది." నేనూ దాన్నే ఇంగ్లీషులో సిద్ధం చేసుకున్నాను. నోరు తెరిస్తే వేరే మాటలొచ్చాయి. పట్టుపురుగులు పెంచానని, ఇప్పుడు గోడకవతల అవి పండుతున్నాయని, మీతో మాట్లాడడానికి ముట్టయ్యానని అబద్ధం చెప్పి ఈ గదిలో కూర్చున్నానని ఆగి ఆగి చెప్పాను. తర్వాత ఆమె నెమ్మదిగా, "ఇప్పుడు మీకెలా ఉంది?" అంది. భయంగా ఉందనో ధైర్యంగా ఉందనో చెప్పాల్సింది.

"నిద్ర వస్తోంది మేడమ్," అన్నాను.

ఇక సీటు రాదనుకున్నాను. మధ్యాహ్నం అత్త రాగిముద్ద, ఊరుబిండి పచ్చడి తెచ్చింది. దూరంగా గడప మీద పెట్టాల్సిన పళ్లెం నేరుగా నా చేతికిచ్చింది. ఆమె వేళ్లు నా వేళ్లకు తగిలాయి.

"నీ తేదీ నాకు తెల్దా?" అంది.

తుంచిన ముద్ద మళ్లీ పళ్లెంలో పెట్టేశాను.

"తిను. నేనూ నీ వయసులో ఒగసారి ఇట్లే చెప్పి పండుకొంటి. పని ల్యా, మొగుడు ల్యా. మూడు దినాలు నిద్రబోతి. అట్లాంటి నిద్ర మళ్ల యాడా పోల్యా." కొంగుకు అంటిన పట్టుపోగు లాక్కుంటూ, "ఇంగిలీషులో ఎవురితో మాట్లాడ్తాంటివి?" అంది.

చెప్పాను.

"వస్తే పోతావా?"

"పోతానత్తా."

"పురుగెవురు చూస్తారు మళ్ల? నా మోకాళ్లు అయిపాయ."

నాకు కోపం రాలేదు. ఆమె అడిగింది న్యాయమే. నా చదువు ఆమె మోకాళ్ల మీద నడవాలి. పళ్లెం తీసుకుని ఆమె వెళ్లిపోయాక కూడా ఆ సంగతి గదిలోనే కూర్చుంది. తర్వాత ఎక్కడికి పోయినా నా వెంట వచ్చింది.

సీటు వచ్చింది. గూళ్లు మార్కెట్టుకు పోయి, పురుగిల్లు కడిగి, మళ్లీ చాకీ తెచ్చిన రోజుల్లో మెసేజి వచ్చింది. హాస్టలు, స్కాలర్‌షిప్పు వాళ్లే ఇస్తారు. ఎవరికీ చెప్పకముందే ఒప్పుకుంటున్నట్టు నొక్కేశాను. అడిగి నొక్కేంత నమ్మకం నా మీద నాకు లేదు.

సాయంత్రం నేనూ అత్తా తట్టల్లో పురుగులకు ఆకు పరుస్తుంటే, వీరేష్ పురుగింటి గడపలో కాళ్లు చాపుకుని ఫోన్ చూస్తున్నాడు. అప్పుడు చెప్పాను. ఎన్ని దినాలని అడిగాడు. రెండేళ్లన్నాను. కోపంగా అడిగి ఉంటే సులువుగా ఉండేది. నిజంగానే అర్థం కానివాడిలా, "మరి పురుగెవురు చూస్తారు?" అన్నాడు.

అత్త అడిగిన ప్రశ్నే. కసువు ఊడుస్తూ, ఆకు తరుగుతూ నన్ను నేను అడుక్కున్న ప్రశ్న కూడా అదే. కూలికి మనిషిని పెడితే? పంట తగ్గిస్తే? గుడిబండ నుంచి మా అమ్మను పిలిపిస్తే? ఎన్ని జవాబులు వెతికాను! ఎదురుగా కూర్చున్న మనిషి, మోకాళ్లు బాగున్నవాడు, నెలలో ఏ రోజైనా ఈ గడప దాటగలిగినవాడు, ఒక్కసారీ నా తలలోకి రాలేదు. అత్త తలలోకి రాలేదు. అతని తలలోకీ రాలేదు. మా ముగ్గురినీ ఒక్క తల్లే పెంచినట్టు.

"నువ్వు," అన్నాను.

వీరేష్ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే వాళ్లమ్మ వైపు తిరిగాడు, ఆమె కూడా నవ్వుతుందని.

అత్త నవ్వలేదు.