పన్నెండో పుస్తకం

గ్రంథాలయంలో బల్లలన్నీ పెళ్లి ఊరేగింపులా కదిలిపోతున్నాయి, ఎస్తేరుకు అదేమీ వింతగా లేదు, ఎందుకంటే ముందు నడుస్తున్నది నాన్నకు అన్న దానియేలు పెద్దబాపు, పోయి మూడేళ్లయిన మనిషి, ఎర్ర బ్యాండు కోటు తొడుక్కుని, క్లారినెట్ చంకలో పెట్టుకుని, నిన్నగాక మొన్న కలిసినట్టే వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

"మన పట్నం పాటల మీద ఏమేం పుస్తకాలు చదవాల్నో లిస్టు రాస్తున్నవట గద. నా నోటుబుక్కు ఏదే?"

ఎస్తేరుకు తల కొట్టేసినట్టవుతుంది. ముప్పై ఏళ్లపాటు ఏ వీధిలో ఏ పాట వాయించారో ఆయన రాసుకున్న పుస్తకం అది. పోయేముందు ఆమె చేతిలో పెట్టి, పదిమంది చదవాలన్నాడు. ఆమె దాన్ని పన్నెండోదిగా చేర్చింది, జాబితా అచ్చేయబోయే గ్రంథాలయ పత్రిక సంపాదకుడు వద్దంటే నిన్ననే కొట్టేసింది.

"అచ్చయినయే పెట్టమన్నరు పెద్దబాపూ. పైంగ మన ఇంటోళ్లదని..."

"అచ్చేసినోళ్లు ఒక్క పెండ్లి బరాతులన్న నడిచిన్రా? చెప్పులు అరిగింది మాయి, చరిత్ర వాళ్లదా?"

ఆ మాటకు బల్లల మధ్య దారి ముషీరాబాదు సందైపోతుంది, అల్మారాల్లోని పుస్తకాలు నెత్తిన లైట్లు మోసే మనుషులై దిగి వస్తాయి, డోళ్లు దద్దరిల్లుతుంటాయి, పెద్ద దవాఖాన మలుపు రాగానే పెద్దబాపు చెయ్యెత్తుతాడు. అంతే, అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. ఇలాంటి చోటల్లా ఆయన నోటుబుక్కులో ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టేవాడు.

"లోపల పాణం బాగలేనోళ్లున్నరు. గీ సప్పుడు లేని జాగ నీ పదకొండు పుస్తకాలల్ల దేంట్ల ఉన్నదే?"

"దేంట్లనూ లేదు." ఆమెకు కోపం ముంచుకొస్తుంది, సంపాదకుడి మీద కంటే తన మీదే. "పెడ్త పెద్దబాపూ. వద్దంటే లిస్టే ఇయ్య."

"గట్లనా! నడువు మరి" అంటూ ఆయన క్లారినెట్‌ను పెదవులకు ఆనిస్తాడు, ఇంకా ఊదనే లేదు.

మెలకువ వచ్చింది. మిట్టమధ్యాహ్నం, అదే బల్ల, చెంప కింద చెమటకు తడిసిన నోటుబుక్కు. ఎస్తేరు జాబితా తీసి, కొట్టేసిన గీత కిందనే పన్నెండు అంకె వేసి మళ్లీ రాసింది: చేతిరాత, ఉన్నది ఒకటే ప్రతి, ఇక్కడే కూర్చుని చదవాలి. రాసిన కాగితం పట్టుకుని సంపాదకుడి గదిలోకి నడిచింది.

ఆయన కాగితం చూడకుండా ఆమె ముఖం చూశాడు. "చెంపకు ఏదో ఎర్రగా అంటుకుందమ్మా, సున్నాలాగా. తుడుచుకోండి."

"ముందు లిస్టు చూడండి సార్" అంది ఎస్తేరు. తుడుచుకోలేదు.