మొక్కు తీరిన గడ్డ

కందిపొడి అన్నంలో నెయ్యి ఒక చెంచానా, రెండా అన్న దగ్గర మొదలైంది ఆ పూట గొడవ.

“రెండోది ఎందుకే? ఇప్పటికే గుమ్మం పట్టడం లేదు నువ్వు,” అన్నాడు జగన్నాథరావు.

“మీరు మూడేసుకున్నారు. నేనడిగానా?” అంది భార్య కమలాకుమారి.

“నేను పొలం తిరుగుతా. అరిగిపోద్ది.”

“నేను మంచమెక్కి కూర్చుంటున్నానేం?”

అతని తల్లి దుర్గాంబ నవ్వింది. “దానికి మంచినీళ్లు తాగినా ఒళ్లొస్తుందిలేరా.”

కమలాకుమారి చెంచా గిన్నెలో పడేసి లేచిపోయింది.

జగ్గయ్యపేటలో ఆ ఇంట ఈ ఎగతాళి కొత్తది కాదు. కొన్నేళ్లుగా ఆమె కాళ్లూ చేతులూ సన్నబడుతుంటే, పొట్టా ముఖమూ పెరుగుతున్నాయి. తలుపు తగిలినా చర్మం కమిలిపోయేది. బీపీ వచ్చింది, సుగరూ వచ్చింది. అన్నిటికీ ఇంట్లో చెప్పుకున్న కారణం ఒక్కటే, తిండి. రాత్రిపూట అన్నం మానేసినా ఒళ్లు తగ్గకపోతే, “చాటున తింటున్నావేమో” అన్నాడు భర్త.

అసలు సంగతి వాళ్లకు తెలియనిది కాదు. తొంభై ఏడులో ఆమె కడుపునొప్పికి విజయవాడలో స్కాన్ తీస్తే, మూత్రపిండం పైనుండే చిన్న గ్రంథిలో గడ్డ కనిపించింది. క్యాన్సర్ కాకుండా చూడమని దుర్గాంబ తిరుమలగిరి వెంకన్నకు మొక్కుకుంది. క్యాన్సర్ కాదన్నారు డాక్టర్లు. ఏడాదికోసారి హార్మోన్ల పరీక్ష చేయించమని కూడా అన్నారు. మనమంతా చేసేదే వాళ్లూ చేశారు. మొదటి మాట విని సంతోషించి, రెండోది అక్కడే వదిలేశారు. జగన్నాథరావు కొండ మీద తలనీలాలిచ్చి వచ్చాడు. మరుసటేడు కమలాకుమారి పరీక్ష మాటెత్తితే, “మొక్కు తీర్చుకున్నాక మళ్లీ పరీక్షంటే స్వామిని అనుమానించినట్టే,” అంది అత్తగారు. అతనికీ అది సబబుగానే తోచింది. ఆనాటినుంచి ఆ ఇంట గడ్డ అన్న మాటే ఎవరూ పలకలేదు.

నేతి గొడవ జరిగిన వారంలోనే నీళ్ల బిందె ఎత్తబోయి కమలాకుమారి కూలబడింది. నందిగామలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, ఈ వయసుకే వెన్నుపూస ఇలా నలిగిందేమిటన్నాడు. పాత జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగితే జగన్నాథరావు నీళ్లు నమిలాడు. గడ్డ సంగతి ఆమే చెప్పింది.

పరీక్షల రిపోర్టులన్నీ వచ్చాక డాక్టరు నెమ్మదిగా వివరించాడు. “అది క్యాన్సర్ కాదు, నిజమే. ఇలాంటి గడ్డలు చాలావరకు ఊరికే ఉంటాయి. ఇది మాత్రం ఇన్నేళ్లూ హార్మోను ఎక్కువగా వదులుతూనే ఉంది. ఒళ్లు, సుగరు, బీపీ, ఎముకలు, అన్నిటి మీదా దాని దెబ్బ పడింది. ఆమె తిండిలో తప్పేం లేదండి.”

“తీసేస్తే మామూలవుద్దాండి?”

“కొంత తగ్గుతుంది. నలిగిన పూస మళ్లీ మొదట్లా కాదు. ముందే వచ్చుంటే బాగుండేది.”

బస్సులో ఆమె పక్కన కూర్చున్నాడు జగన్నాథరావు. ఆకలితో పడుకున్న మనిషిని దొంగతిండి అన్న నోరు తనదేనన్న తలంపు అతన్ని వదల్లేదు.

ఆ రాత్రి ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. తల్లికి ఎలా చెప్పాలా అని అతను అన్నం కెలుకుతుండగానే కమలాకుమారి నోరు విప్పింది.

“సోమవారం బెజవాడ ఆస్పత్రిలో చేరుతున్నా, అత్తయ్యా. గడ్డ తీయించుకుంటా. ఆ తర్వాత పరీక్షలకీ వెళ్తా.”

“మరి స్వామి...” దుర్గాంబ ఆగింది.

“వెళ్తుందమ్మా. నేనూ వెళ్తా,” అన్నాడు జగన్నాథరావు, తల ఎత్తకుండానే.

కమలాకుమారి అత్తగారి వైపు తిరిగింది. “స్వామి మనమడిగింది ఇచ్చాడత్తయ్యా. క్యాన్సర్ కాకపోతే చాలన్నాం. మరేమిటని మనమే అడగలేదు.”